సినిమాను చదవడం ఎలా? – తార్నాక సార్ నేర్పిన పాఠాలు

 

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ మేడం ఫోన్ చేసినప్పుడు "పోటీ పరీక్షలకు ఎలా చదవాలి" అనే వ్యాసం రాద్దామనుకున్నాను. కానీ అలాంటివి మన సంచికలో ప్రతి ఏడూ వస్తున్నాయి. నాకంటే బాగా రాసే అక్కలు, ఉద్యోగాలు సాధించిన అక్కలు ఉన్నారు. అందుకే ఉస్మానియా క్యాంపస్‌లో ఎం.ఏ. చదివిన రెండేళ్లలో, సిలబస్‌లో లేకుండా నేను నేర్చుకున్న ఒక పాఠం గురించి రాస్తున్నాను. ఆ పాఠం పేరు సినిమా చూడడం.

"సినిమా చూడడం కూడా నేర్చుకోవాలా అక్కా?" అని మీరు నవ్వుతారని తెలుసు. నేనూ అలాగే నవ్వాను. ఆదివారం మధ్యాహ్నం హాల్లో టీవీ ముందు చాపలు పరుచుకుని, పాట రాగానే ప్లేట్లు కడగడానికి లేచి, ఫైటు రాగానే పరుగెత్తుకొచ్చి కూర్చున్న వాళ్లమే కదా మనమంతా! సినిమా అంటే మనకు కాలక్షేపం. స్టడీ అవర్‌లో దాని పేరెత్తితే తిట్లు. అలాంటి సినిమా ఒక పాఠ్యపుస్తకం కూడా అవుతుందని నాకు తెలియడానికి ఇరవై ఒక్క ఏళ్లు పట్టింది. మీకు అంత ఆలస్యం కాకూడదని ఈ వ్యాసం.

సార్ ఎవరు?

ఆయన పేరు రాయలేను. "నా పేరు వద్దమ్మా, పాఠం రాయి చాలు" అన్నారు. ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు సాహిత్యం బోధించి రిటైరైన ప్రొఫెసర్. తార్నాకలో ఒక గల్లీలో ఉంటారు. మేమంతా ఆయన్ను తార్నాక సార్ అనే పిలుస్తాం. ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి వాళ్ల ముందు గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టి, గోడమీద ప్రొజెక్టర్‌తో ఒక పాత సినిమా వేస్తారు. ఆరేడుగురు విద్యార్థులం కింద కూర్చుంటాం. సినిమా అయ్యాక మేడం స్టీలు గ్లాసుల్లో టీ ఇస్తారు. ఆ తర్వాతే అసలు క్లాసు మొదలవుతుంది.

నన్ను మొదటిసారి హాస్టల్ రూమ్మేట్ తీసుకెళ్లింది. వెళ్లేదాకా భయమే. అవి ఇంగ్లీషు సినిమాలని, అర్థం కాకపోతే నలుగురిలో నవ్వులపాలవుతానని భయం. తీరా ఆ రోజు వేసింది ఇటలీ సినిమా! కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయి. ఒక లైను సగం చదివేలోపు రెండోది వచ్చేస్తోంది. నా ఇబ్బంది సార్ గమనించినట్టున్నారు. పక్కకు వంగి మెల్లగా, "అక్షరాలు వదిలెయ్యమ్మా. వాళ్ల చేతులు చూడు" అన్నారు. అంతే. ఆ సాయంత్రం నేను చేతులే చూశాను. కథ మొత్తం అర్థమైంది.

సార్‌కు ఈ అభిమానం చిన్నప్పుడు ఊరి బయట వేసిన టూరింగ్ టాకీస్ నుంచి మొదలైందట. డబ్బులున్న రోజు నేల టికెట్టు, లేని రోజు డేరా బయట నిలబడి మాటలు వినడం. "కళ్లు మూసుకుని సినిమా వినడం అక్కడే నేర్చుకున్నాను" అంటారు. తర్వాత యూనివర్సిటీకి వచ్చి, సికింద్రాబాద్ సంగీత్ థియేటర్‌లో ఇంగ్లీషు సినిమాలు, తార్నాక ఆరాధనలో తెలుగు సినిమాలు, ఫిల్మ్ సొసైటీ వాళ్లు తెప్పించే దేశదేశాల సినిమాలు చూశారు. ఆ సంగీత్ థియేటర్ ఇప్పుడు లేదు. సార్ దగ్గర మాత్రం చూసిన ప్రతి సినిమాకూ ఒక పేజీ ఉన్న నోటుపుస్తకాలు ఒక బీరువా నిండా ఉన్నాయి. ఒకే సినిమాను మళ్లీ చూస్తే అదే పేజీలో తేదీ వేసి కొత్త సంగతి రాస్తారు. కొన్నింటికి పేజీ చాలక కాగితాలు అతికించారు.

మన క్యాంపస్‌కూ సినిమాకూ ఉన్న బంధం

ఫిల్మ్ సొసైటీ అంటే ఏమిటో మీకు తెలియకపోవచ్చు. థియేటర్లకు రాని మంచి సినిమాలను తెప్పించుకుని, చందా కట్టిన సభ్యులు కలిసి చూసి చర్చించుకునే సంఘం. మన దేశంలో ఈ ఉద్యమానికి ఊపు తెచ్చినది 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మొదలైనవారు స్థాపించిన కలకత్తా ఫిల్మ్ సొసైటీ. 1959లో దేశంలోని పలు సొసైటీలు కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. రాయ్ దానికి అధ్యక్షుడు.

మన హైదరాబాద్‌కూ ఇందులో గొప్ప స్థానం ఉంది. 1934లో తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగల్, ఉస్మానియా పరిధిలోని నిజాం కాలేజీలో ఎకనామిక్స్ ఎం.ఏ. చదివారు. హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీని స్థాపించింది ఆయనే. తండ్రి ఫోటోగ్రాఫర్ కావడం వల్ల పన్నెండేళ్ల వయసులోనే కెమెరా పట్టి చిన్న సినిమా తీశారు. తర్వాత పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పారు, ఆ సంస్థకు చైర్మన్‌గానూ పనిచేశారు. 2024 డిసెంబర్ 23న కన్నుమూశారు. ఆయన మొదటి సినిమా "అంకుర్" (1974) కథ కాలేజీ రోజుల్లోనే రాసుకున్నది. డబ్బు పెట్టేవాళ్లు దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది. చివరకు బ్లేజ్ అనే ప్రకటనల సంస్థ ముందుకొచ్చింది. చెల్లెళ్లారా, మీరు ఈ సంచికకు రాసే చిన్న కథను కూడా పారేయకండి. ఎప్పుడు దేనికి పనికొస్తుందో తెలియదు.

సినిమాను పాఠంగా చెప్పిన ప్రొఫెసర్లలో మొదట తలచుకోవలసింది సతీష్ బహదూర్‌ గారిని. ఆగ్రాలో ఎకనామిక్స్ లెక్చరర్‌గా ఉంటూ ఫిల్మ్ సొసైటీ నడిపిన ఆయన, పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫిల్మ్ అప్రిసియేషన్, అంటే సినిమా రసాస్వాదన, బోధించే ప్రొఫెసర్ అయ్యారు. "పథేర్ పాంచాలీ"ని ఒక్కొక్క షాటుగా విడదీసి పాఠం చెప్పడంలో ఆయనకు ఆయనే సాటి. 1964లో పుణెలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ ఏర్పడింది. దానిని పెంచి పెద్దచేసిన పి.కె. నాయర్, సొసైటీలకు, కాలేజీలకు 16 ఎం.ఎం. ప్రింట్లు పంపే ఏర్పాటు చేశారు. అప్పట్లో రేకు డబ్బాల్లో రైలు మీద వచ్చిన ప్రింట్లను సికింద్రాబాద్ స్టేషన్‌లో దించుకుని, ఆటోలో ఒళ్లో పెట్టుకుని క్యాంపస్‌కు తెచ్చేవాళ్లమని సార్ చెబుతారు. 35 ఎం.ఎం.లో వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు మాత్రమే నడుస్తుంది. సెకనుకు 24 బొమ్మలు. మధ్యలో రీలు తెగితే అంటించేదాకా అందరూ చీకట్లో కూర్చుని చూసినంతవరకు చర్చించుకునేవారట.

ఇక తార్నాక పక్కనే, ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న ఇఫ్లూ మనకు తెలిసిందే. 1958లో సి.ఐ.ఇ.గా మొదలై, 1972లో సీఫెల్‌గా, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారింది. అక్కడ సినిమా అధ్యయనాన్ని బోధించిన ఆచార్య ఎం. మాధవ ప్రసాద్ హిందీ సినిమా భావజాలంపై 1998లో, దక్షిణాదిలో సినిమా తారలు నాయకులైన తీరుపై 2014లో పుస్తకాలు వెలువరించారు. అంటే సినిమా మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకోవచ్చు, పాఠాలు చెప్పవచ్చు. ఈ సంగతి నాకు ఇంటర్‌లో ఎవరూ చెప్పలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

మొదటి పాఠం: రెండు బొమ్మలు కలిస్తే మూడో అర్థం

రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు సుమారు వందేళ్ల క్రితం ఒక ప్రయోగం చేశాడు. ఒక నటుడి ముఖం తీసుకున్నాడు. అందులో ఏ భావమూ ప్రత్యేకంగా లేదు. ఆ ముఖం తర్వాత ఒకసారి సూపు గిన్నె, ఒకసారి శవపేటిక, ఇంకొకసారి వేరే బొమ్మ అతికించాడు. చూసినవాళ్లు "ఆకలిని ఎంత బాగా చూపించాడు! దుఃఖాన్ని ఎంత బాగా నటించాడు!" అని మెచ్చుకున్నారట. నిజానికి ముఖం ఒకటే. భావం నటుడి ముఖంలో లేదు, రెండు బొమ్మల మధ్య మన మనసులో పుట్టింది.

దీన్ని మీరు కూడా పరీక్షించవచ్చు. టీవీలో ఏ సీరియల్ అయినా చూడండి. అత్తగారి ముఖం, వెంటనే కోడలి ముఖం, మధ్యలో పెద్ద శబ్దం. ఎవరూ ఏమీ అనకముందే ఎవరు చెడ్డవాళ్లో మనం నిర్ణయించేస్తాం. వార్తల్లోనూ ఇంతే. ఒక నాయకుడి మాట తర్వాత చప్పట్లు కొట్టే జనాన్ని చూపిస్తే ఒక అర్థం, ఆవులించే జనాన్ని చూపిస్తే ఇంకో అర్థం. కాబట్టి ఈ పాఠం సినిమాతో ఆగదు. మనల్ని ఎవరైనా ఎలా నమ్మిస్తున్నారో తెలుసుకోవడానికి పనికొస్తుంది.

రెండో పాఠం: వస్తువులను చూడు

నేను చూసిన ఆ ఇటలీ సినిమా పేరు "బైసికిల్ థీవ్స్" (1948). దర్శకుడు విట్టోరియో డి సికా. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రోమ్ నగరంలో పనిలేని ఒక తండ్రికి గోడలపై పోస్టర్లు అంటించే ఉద్యోగం దొరుకుతుంది. దానికి సైకిల్ తప్పనిసరి. సైకిల్ కుదువలో ఉంది. భార్య మంచం మీది దుప్పట్లు లాగి, మూటకట్టి, కుదువ పెట్టి సైకిల్ విడిపిస్తుంది. అప్పుడు కెమెరా దుకాణం లోపలికి చూస్తుంది. ఒక మనిషి ఆ మూట పట్టుకుని ఎత్తైన అరల మీదికి ఎక్కుతుంటాడు. అరల నిండా అలాంటి మూటలే, పైకప్పుదాకా! ఒక్క మాట లేకుండా, ఊరిలో ఎన్ని ఇళ్లు దుప్పట్లు లేకుండా పడుకుంటున్నాయో చెప్పేశాడు దర్శకుడు. మొదటి రోజే ఆ సైకిల్ దొంగల పాలవుతుంది. తండ్రి కొడుకులు ఊరంతా వెతుకుతారు. చివరికి ఆ తండ్రే ఇంకొకరి సైకిల్ దొంగిలించబోయి కొడుకు కళ్లముందే పట్టుబడతాడు. ఆ తండ్రి వేషం వేసిన లాంబెర్టో మజ్జొరానీ నటుడు కాడు, ఫ్యాక్టరీ కార్మికుడు.

నా ఇంటర్ ఫీజుకు మా అమ్మ పట్టగొలుసులు షావుకారు దగ్గరికి వెళ్లాయి. ఆ దుకాణంలో కూడా గోడ పొడవునా చిన్న చిన్న గుడ్డ మూటలు, ఒక్కొక్క దానికి చీటీ. అప్పుడు నేను వాటిని చూశాను కానీ, వాటి గురించి ఆలోచించలేదు. రోమ్ నగరం సినిమా చూశాకే మా ఊరి దుకాణం నాకు కనబడింది.

సత్యజిత్ రాయ్ 1950లో లండన్‌లో ఉన్నప్పుడు ఈ సినిమానే చూసి, తానూ ఇలాగే మామూలు మనుషులతో, నిజమైన ఊళ్లో సినిమా తీయాలని నిశ్చయించుకున్నారు. అదే 1955లో వచ్చిన "పథేర్ పాంచాలీ". డబ్బు అయిపోయి ఆగిపోతే పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆదుకుంది. అందులో ముసలి ఇందిర్ ఠాక్రూణ్ చనిపోయినప్పుడు ఆమె చెంబు దొర్లి నీళ్లలో పడుతుంది. ఆమెకు మిగిలిన ఆస్తి అదే. అక్క దుర్గ చనిపోయాక, ఆమె దొంగిలించలేదన్న హారం అపుకు దొరుకుతుంది. వాడు దాన్ని ఎవరికీ చూపించకుండా కుంటలో విసిరేస్తాడు. నాచు చెదిరి మళ్లీ మెల్లగా మూసుకుంటుంది. అక్క పరువును తమ్ముడు అలా కాపాడాడు. ఈ సన్నివేశంలో సార్ ఎప్పుడూ మాట్లాడరు. ఎన్నోసారి చూస్తున్నారో ఆయనకే తెలియదు, అయినా కళ్లద్దాలు తీసి తుడుచుకుంటారు.

మూడో పాఠం: మన ఇంట్లోని క్లాసిక్

క్లాసిక్ అంటే పరాయి దేశానిదో, బోరు కొట్టేదో అనుకోకండి. సార్ చెప్పిన అర్థం ఇది: "రెండోసారి చూసినప్పుడు మొదటిసారి కంటే ఎక్కువ ఇచ్చేది క్లాసిక్." ఆ లెక్కన మన "మాయాబజార్" (1957) ముందుంటుంది. కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు మాటలు, మార్కస్ బార్ట్లే కెమెరా. మనం ఎన్నోసార్లు చూసిన సినిమానే. అయితే ఒక ప్రశ్న. అందులో పాండవులు ఎక్కడ కనిపిస్తారు? ఆలోచించండి. ఎక్కడా కనిపించరు! మహాభారతం కథలో పాండవులు లేకుండా మూడు గంటలు నడిచిందని చాలామందికి తట్టనే తట్టదు.

సార్ మాతో ఒక అభ్యాసం చేయించారు. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించిన తర్వాతి ఒక సన్నివేశాన్ని మూడుసార్లు చూడాలి. మొదటిసారి మామూలుగా. రెండోసారి శబ్దం తీసేసి. మూడోసారి కళ్లు మూసుకుని శబ్దం మాత్రమే. శబ్దం తీసేసినప్పుడు సావిత్రి గారి నటన ఎంత గొప్పదో తెలిసింది. చీర, నగలు అన్నీ శశిరేఖవే, కానీ భుజాలు ఎస్.వి. రంగారావువి! నడుము మీద చెయ్యి పెట్టే తీరు, చటుక్కున రాక్షసుడు గుర్తొచ్చి మళ్లీ ఆడపిల్లగా సర్దుకునే తీరు. ఇరవై ఏళ్లుగా నవ్వుకుంటూ చూశాను, ఒక్కసారి కూడా గమనించలేదు.

నాలుగో పాఠం: ఎవరి కథ? ఎవరు చెబుతున్నారు?

ఇది సార్ నాకు చెప్పిన పాఠం, కొంత నేను సార్‌కు చెప్పిన పాఠం కూడా.

ఒక ఆదివారం "మాలపిల్ల" (1938) వేశారు. గూడవల్లి రామబ్రహ్మం తీసిన ఈ సినిమాకు కథ చలం, మాటలు తాపీ ధర్మారావు. తెర మీద గ్రాంథికం నడిచే రోజుల్లో వాడుక భాష వినిపించిన సినిమా. ఆలయ ప్రవేశాన్ని సమర్థిస్తూ, బ్రాహ్మణ యువకుడికీ మాల యువతికీ ప్రేమను చూపించడం 1938లో చిన్న సాహసం కాదు. సారథి సంస్థకు అండగా నిలిచింది చల్లపల్లి రాజా. మరుసటి ఏడాది అదే సంస్థ జమీందారీ అన్యాయం మీద "రైతుబిడ్డ" తీసి జమీందార్ల ఆగ్రహానికి గురైంది. ఇవన్నీ సార్ ఎంతో ఇష్టంగా చెప్పారు.

టీ తాగేటప్పుడు నేను ధైర్యం చేసి అడిగాను. "సార్, కథానాయికగా వేసిన కాంచనమాల అప్పటికే పేరున్న అందాల తార కదా. మాలవాడ నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఆ తెరమీద ఉన్నారా? చివర్లో మారింది పూజారి మనసు. మాలపిల్ల మనసులో ఏముందో మనకు తెలిసిందా?"

గదిలో అందరూ నావైపు చూశారు. నా చెవులు వేడెక్కాయి. సార్ కాసేపు ఆగి, "ఇంకొక కథ చెబుతాను, దీని పక్కన పెట్టి చూడు" అన్నారు. మలయాళంలో మొట్టమొదటి సినిమా "విగతకుమారన్" అనే మూకీ చిత్రం. జె.సి. డేనియల్ 1930 ప్రాంతంలో తీశారు. అందులో కథానాయిక పి.కె. రోసీ, దళిత యువతి. ఆమె తెరమీద నాయర్ స్త్రీగా కనిపించింది. దళితురాలు అగ్రకుల స్త్రీ వేషం వేయడమా అని జనం తెర మీద రాళ్లు వేశారు. ఆమె ఊరు విడిచి పారిపోవలసి వచ్చింది. ఆ తర్వాత సినిమాల్లో నటించలేదు.

ఇక్కడ మాలపిల్ల వేషం వేసిన తార ఇంటింటా ఆరాధ్య నటి అయింది. అక్కడ ఆ వాడ నుంచి వచ్చిన పిల్ల తెరమీద ఇంకొకరిగా కనబడినందుకు ఊరే విడిచింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే కులెషోవ్ ప్రయోగంలాగే మూడో అర్థం వస్తుంది. అది ఏ పుస్తకంలోనూ నాకు అంత సూటిగా దొరకలేదు.

"అంకుర్" కూడా అలాగే చూశాం. భూస్వామి కొడుకు సూర్య, పనిమనిషి లక్ష్మి, మాటలు రాని ఆమె భర్త కిష్టయ్య. లక్ష్మిగా వేసిన షబానా ఆజ్మీకి మొదటి సినిమాకే జాతీయ అవార్డు వచ్చింది. చివర్లో సూర్య కిష్టయ్యను కొరడాతో కొట్టినప్పుడు లక్ష్మి శాపనార్థాలు పెడుతుంది. అందరూ వెళ్లిపోయాక ఒక చిన్న పిల్లవాడు అతని కిటికీకి రాయి విసిరి పరుగెత్తుతాడు. తెర ఎర్రబడుతుంది. సినిమా మొత్తంలో మనం పట్టించుకోని పిల్లవాడు వాడు. ఎవరిని పట్టించుకోలేదో గుర్తుచేయడానికే సినిమా వాడి చేత రాయి వేయించింది.

అమ్మమ్మ చెప్పిన సంగతి

ఆ తర్వాత "దాసి" (1988) వేశారు. బి. నర్సింగరావు గారి సినిమా. తెలంగాణ గడిలో దొర ఇంట దాసిగా బతికే కమలాక్షి కథ. అర్చనకు ఉత్తమ నటిగా, ఎ.కె. బీర్‌కు ఛాయాగ్రహణానికి, చిత్రకారుడు తోట వైకుంఠం గారికి కళాదర్శకత్వానికి జాతీయ అవార్డులు తెచ్చిపెట్టిన చిత్రం. మాటలు చాలా తక్కువ. పెద్ద పెద్ద గదులు, ఖాళీ వసారాలు, ఊడుస్తున్న చీపురు చప్పుడు. ఆ మౌనాన్ని సార్ గొప్పగా వివరించారు. గడిలో దాసికి గొంతు లేదు కనుక సినిమాలోనూ మాట లేదు అన్నారు. నేనూ నోట్స్ రాసుకున్నాను.

దసరా సెలవులకు ఊరికి పోయినప్పుడు ఆ సినిమాను ఫోన్‌లో మా అమ్మమ్మకు చూపించాను. అమ్మమ్మ పన్నెండేళ్ల వయసు నుంచి దొర ఇంట వెట్టి చేసింది. నీళ్లు మోసింది, పిండి విసిరింది. కళ్లు సరిగా కనబడక ఫోన్‌ను ముఖం దగ్గర పెట్టుకుని మొత్తం చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చివరికి ఇలా అంది:

"అంత నిజమే బిడ్డా. గని మేం గింత సప్పుడు లేకుంట లేకుంటిమి. దొర ఇంట్ల ఉంటెనే నోరు బంద్. దొర ఊరికి వోయిండంటె బాయికాడ ఒకటే నవ్వులు. నేను దొరసాని నడక నడిచి సూపెడ్తుంటి. మా సోపతిది దొర లెక్క దగ్గుతుండె. గది ఇండ్ల లేదు."

వచ్చే ఆదివారం సార్‌కు ఈ మాట చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. అంతటి సినిమాకు వంక పెట్టినట్టవుతుందేమో, చదువురాని ముసలమ్మ మాట అనుకుంటారేమో అని. చివరికి అమ్మమ్మ అన్నది అన్నట్టు, మా యాసలోనే చెప్పాను.

సార్ ఏమీ అనలేదు. లేచి బీరువా తీసి, "దాసి" పేజీ ఉన్న నోటుపుస్తకం వెతికి తెచ్చారు. "ఇంకోసారి చెప్పమ్మా, మెల్లగా" అన్నారు. నేను చెబుతుంటే ఒక్క మాట మార్చకుండా రాసుకున్నారు. కింద తేదీ వేశారు. తర్వాత అన్నారు: "ఈ సినిమా మౌనం గురించి ఎన్నో ఏళ్లు పాఠం చెప్పాను. ఆ మౌనం దొర ఇంట్లో ఉన్నప్పటి మౌనం. దొర లేనప్పుడు బావి దగ్గర ఏం జరిగేదని నేను అడగనే లేదు. సినిమా గొప్పతనం తగ్గలేదు. నాకు తెలిసింది మాత్రం తక్కువని తెలిసింది."

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. అప్పటిదాకా క్యాంపస్‌లో ఎప్పుడూ ఏదో తక్కువైనట్టు ఉండేది. మిగతావాళ్ల ఇళ్లలో పుస్తకాలున్నాయి, వాళ్ల నాన్నలు ఇంగ్లీషు పేపర్ చదువుతారు, మా ఇంట్లో ఏముంది అనుకునేదాన్ని. మా ఇంట్లో ఏముందో ఆ రోజు తెలిసింది. చివరి సెమిస్టర్ సెమినార్ పేపర్‌ను దాని మీదే రాశాను. అందులో ప్రొఫెసర్ల మాటల మధ్య మా అమ్మమ్మ మాట కూడా ఉంది, పేరుతో సహా.

మన హాస్టల్లో ఏం చేయవచ్చు?

ఇదంతా చదివి ఊరుకోకుండా నెలకు ఒక్క ఆదివారం ఇలా చేయమని నా మనవి. వార్డెన్ మేడంతో మాట్లాడాను, సరేనన్నారు.

1. నెలకు ఒక సినిమా ఎంచుకోండి. మన చట్టం ప్రకారం సినిమా విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లకు కాపీరైట్ ముగుస్తుంది. కాబట్టి 1964 వరకు విడుదలైన "మాలపిల్ల", "మాయాబజార్", "పథేర్ పాంచాలీ" వంటివి ఇబ్బంది లేకుండా వేసుకోవచ్చు. ప్రొజెక్టర్ అక్కర్లేదు, హాల్లో టీవీ చాలు.

2. సినిమాకు ముందు ఒకరు ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఏ సంవత్సరం, ఎవరు తీశారు, అప్పుడు దేశంలో ఏం జరుగుతోంది. కథ మాత్రం చెప్పొద్దు.

3. అయిపోయాక ఒక సన్నివేశాన్ని మూడుసార్లు వేయండి. మామూలుగా, శబ్దం లేకుండా, బొమ్మ లేకుండా.

4. నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఏ వస్తువు మళ్లీ మళ్లీ కనిపించింది? కెమెరా ఎవరి పక్కన నిలబడింది? ఎవరికి మాటలు లేవు? ఇలాంటి మనిషి మన ఊళ్లో ఉంటే ఈ సినిమా చూసి ఏమంటారు?

5. ఒక నోటుపుస్తకం పెట్టండి. సినిమాకు ఒక పేజీ. ఆరో తరగతి చెల్లి చెప్పినా సరే, కొత్త సంగతి అయితే పేరు, తేదీ వేసి రాయండి.

6. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకో, అమ్మమ్మకో, నాయనమ్మకో ఆ సినిమా చూపించండి. వాళ్లు అన్నది అన్నట్టు, వాళ్ల యాసలోనే రాసుకురండి. ఇది అన్నింటికంటే ముఖ్యం.

చివరగా ఒక మాట. మన దేశపు మొదటి టాకీ "ఆలం ఆరా" (1931) ప్రింటు ఒక్కటి కూడా మిగలలేదు. దాచుకోనందుకు పోయింది. సినిమాలే కాదు, మన ఇళ్లలోని ముసలివాళ్లు చూసినవీ, నవ్వుకున్నవీ అలాగే పోతున్నాయి. వాటిని రాసిపెట్టగలిగేంత చదువు వాళ్ల ఇంట్లో మొదట వచ్చింది మనకే. ఆ పని మనం చేయకపోతే ఇంకెవరూ చేయరు.

తార్నాక సార్ ఈ మధ్య ఫోన్ చేసి, "మీ హాస్టల్ పిల్లలు నోటుపుస్తకం మొదలుపెడితే మొదటి పేజీ నాకు చదివి వినిపించు" అన్నారు. మరి మొదటి పేజీ ఎవరు రాస్తారు?

– మీ అక్క,
పూర్వ విద్యార్థిని, ఎం.ఏ.